కోబాల్ భాష - దాని పుట్టుక, ప్రయోజనము

కరణము వ్రాసిన లెక్క తహశీల్దారునకు బోధపడనిచో పాలనము సాగదు. వ్రాయువాడొకడు, బాధ్యత వహించువాడు వేరొకడు అయినచోట, ఇరువురకును తెలిసిన భాష యొకటి ఉండవలయును. కంప్యూటరులు కార్యాలయములలో ప్రవేశించిన తొలినాళ్లలో ఈ అవసరమే కోబాల్ అను భాషకు జన్మమొసగెను.

ఆ దినములలో ఒక్కొక్క యంత్రమునకు ఒక్కొక్క ఆజ్ఞావళి యుండెడిది. యంత్రము మారినచో ప్రోగ్రాములన్నియు మొదటినుండి వ్రాయవలసివచ్చెడిది. 1957లో ఐ.బి.యం. సంస్థ వెలువరించిన ఫోర్ట్రాన్ శాస్త్రజ్ఞుల సూత్రములకు అనువైనదే కాని, జీతములు, సరకుల నిల్వలు లెక్కించువారికి అంతగా ఉపకరింపలేదు. గణితశాస్త్రవేత్త, నౌకాదళాధికారిణి అయిన గ్రేస్ హాపర్ ఈ లోటును గుర్తించి, ఆంగ్లపదములతోనే ఆజ్ఞలు వ్రాయుటకు వీలగు ఫ్లోమాటిక్ అను భాషను యూనివాక్ యంత్రమునకై రూపొందించెను.

1959 మే 28, 29 తేదీలలో అమెరికా రక్షణశాఖవారి పెంటగాన్ భవనమున సుమారు నలుబదిమంది సమావేశమైరి. యంత్రములు తయారుచేయు సంస్థలవారు, వానిని వాడుకొనువారు, ప్రభుత్వోద్యోగులు అందుండిరి. అన్ని యంత్రములపైనను నడువగల భాష కావలెనని నిశ్చయించి, తాత్కాలికముగా నొకదానిని సత్వరము సిద్ధపరచు భారమును ఒక ఉపసంఘమునకు అప్పగించిరి. జీన్ సామెట్ మొదలగు ఆరుగురు దాని నియమములను కూర్చిరి. ఫ్లోమాటిక్ వారికి ముఖ్యాధారమయ్యెను. తాత్కాలికపు ఏర్పాటు శాశ్వతమగుట కార్యాలయములవారికి వింత గాదు. కోబాల్ విషయమునను అదియే జరిగెను. 1960 డిసెంబరులో ఒకే ప్రోగ్రాము, స్వల్పమైన మార్పులతో, ఆర్.సి.ఎ., యూనివాక్ సంస్థల యంత్రములు రెండింటిపైనను నడిచెను.

కోబాల్ ప్రోగ్రామునకు నాలుగు విభాగములు. మొదటిది దాని పేరు చెప్పును. రెండవది ఏ యంత్రముపై నడచునో తెలుపును. మూడవది లెక్కలోని వివరముల స్వరూపమును నిర్ణయించును. నాలుగవది చేయవలసిన పనిని వరుసగా ఆజ్ఞాపించును. ‘యాడ్ అలవెన్స్ టు పే’ అని వ్రాసినచో భత్యము జీతమునకు కలియును. సొమ్మును దశాంశ పద్ధతిలోనే లెక్కించు సౌకర్యముండుటచే పైసల తేడాలకు చోటు తక్కువ. కావుననే బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ శాఖలు దీనిని ఆదరించినవి.

ఆనాడు స్థలము పొదుపునకై సంవత్సరమును రెండంకెలతోనే వ్రాయుట వాడుక. 2000 సమీపించుకొలది, ‘00’ను యంత్రము 1900గా గ్రహించునను భయము లోకమంతట వ్యాపించెను. పాత ప్రోగ్రాములను సరిదిద్దుటకు పూనుకొన్న భారతీయ ఇంజనీర్లలో తెలుగువారును పలువురుండిరి. పలువురు యువకులకు విదేశములలో జీవనోపాధి లభించుటకు అదియొక ద్వారమయ్యెను.

2020 ఏప్రిలులో, కోవిడ్ కారణముగా నిరుద్యోగ భృతికై దరఖాస్తులు వెల్లువెత్తినపుడు, కోబాల్ తెలిసినవారు తోడ్పడవలెనని న్యూజెర్సీ గవర్నరు బహిరంగముగా కోరెను. దశాబ్దముల నాటి ప్రోగ్రాములు ఇంకను నడచుచుండెను. వానిని ఎరిగినవారు కరవైరి.

ఎల్లరును చదువగల భాష కావలెనని కోరి కోబాల్‌ను నిర్మించిరి. ఆ కోరిక చాలవరకు నెరవేరినది. ఆజ్ఞ యేమి చేయుచున్నదో ఇప్పటికిని చదివి తెలిసికొనవచ్చును. ఆ నియమమును ఎవరు, ఏల పెట్టిరో మాత్రము అందు కనబడదు; ఆ ఎరుక వ్రాసినవారితోడనే పదవీ విరమణ చేయుచున్నది. పాత ఫైలులో ఉత్తరువు మిగిలి, దానికి కారణము తెలుపు నోటు పోయినచో తరువాత వచ్చినవాడు ఎంత తికమకపడునో, కార్యాలయములలో పనిచేసినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.