స్లేటు కథ

మొన్న మీటింగులో మా మేనేజర్ "రిలీజ్ వచ్చే నెలకి స్లేటెడ్" అన్నాడు. నాకేమో ఠక్కున మా మార్కాపురం పలకలు గుర్తొచ్చాయి.

పాత ఫ్రెంచిలో "ఎస్క్లాట్" అంటే చీలిక, పెచ్చు. పొరలుపొరలుగా చీలే రాయి కాబట్టి ఇంగ్లీషులో స్లేట్ అయింది. మొదట ఇళ్ళ కప్పులకి వేశారు. అందుకే 19వ శతాబ్దపు ఇంగ్లీషు యాసలో "వాడికో స్లేటు వదులు" అంటే మనం "స్క్రూ లూజు" అన్నట్టే! ఆ వాడుక దాదాపు పోయింది. తర్వాత రాయి బడికెళ్ళింది, సారాకొట్టుకీ వెళ్ళింది. బ్రిటన్లో "స్లేటు మీద రాసుకో" అంటే అప్పు అన్నమాట. తుడిచేస్తే క్లీన్ స్లేట్. అమెరికాలో ఎన్నికల అభ్యర్థుల జాబితా కూడా స్లేటే. రాసిపెట్టుకున్న ప్లాను కాబట్టి మన రిలీజూ స్లేటెడే.

ఇంగ్లీషు వాడికి ఇన్ని అర్థాలు. మా ఊళ్ళో మాత్రం ఒకటే: కూడు. గని తవ్వి, రాయి చీల్చి, చెక్క ఫ్రేము బిగించి పంపితే మనలో ఎంతమందిమో వాటిమీదే ఓనమాలు దిద్దాం. నోటుపుస్తకాలొచ్చాక గిరాకీ పడిపోయింది. ఇప్పుడా రాయి టైల్స్‌గా విదేశాలకెళ్తోంది. అంటే మళ్ళీ ఇళ్ళకే!

ఈసారెవరైనా "క్లీన్ స్లేట్" అంటే, ఆ స్లేటు చీల్చిన చేతుల్ని కూడా ఓసారి తలుచుకోండి.