నారాయణగూడ బడులు – తలిదండ్రుల తృప్తి



"మీ పిల్లవాని బడి యెట్లున్నది?" అని యెవరైన నడిగినచో తండ్రి సాధారణముగ చెప్పు మాట, "ఏదో, బాగానే యున్నది" అని. ఈ "బాగానే" యను మాటలో తృప్తి యెంత, సరిపెట్టుకొనుట యెంత యని తేల్చుట కష్టము. పిల్లవాడు బడిలో నుండగా బడిని నిందించుటకు తండ్రికి నోరు రాదు. పంతులు విన్న నేమనుకొనునో యను జంకు కలదు. కావున తలిదండ్రుల తృప్తిని వారి మాటలబట్టి గాక చేతలబట్టి కొలుచుట మేలు. పిల్లల నెక్కడ చేర్చిరి, ఎంత చెల్లించిరి, ఎప్పుడు మాన్పించిరి, ఉన్న బడి చాలదని తోచినప్పుడు తామేమి కట్టుకొనిరి – ఇవి కదా సరియైన సాక్ష్యములు. ఇట్టి సాక్ష్యము హైదరాబాదు నగరమున నొకదాని ప్రక్క నొకటిగా నున్న నారాయణగూడ, చిక్కడపల్లి, అశోకనగరము అను మూడు పేటలలో సమృద్ధిగా దొరకును.

నిజాము రాజ్యమున పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున పారసీకము తొలగి ఉర్దూ కచ్చేరి భాష యయ్యెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. ఇంగ్లీషును కాదని, వైద్యము మొదలు గణితము వరకు దేశభాష యొకదానిలో నేర్పుట భరతఖండమున నదివరకు ఎరుగని సాహసము. దానిని మెచ్చుకొనక తప్పదు. కాని యా దేశభాష ఉర్దూ. రాజ్యమందలి జనులలో సగమునకు దగ్గరగ నుండినవారు తెలుగువారు. పిమ్మట మహారాష్ట్రులు, కన్నడిగులు. ఇంట "అమ్మా, అన్నము" అని పలికిన బిడ్డ బడిలో కూడికలు, భూగోళము, చరిత్ర యన్నియు ఉర్దూలోనే వల్లింపవలెను. విశ్వవిద్యాలయమున తెలుగు ఒక పాఠ్యభాషగ నుండెను. రాయప్రోలు సుబ్బారావు గారి వంటి కవి యక్కడ ఆచార్యుడుగ నుండెను. అయినను తెలుగు నేర్చుకొనుట వేరు, తెలుగున నేర్చుకొనుట వేరు.

పల్లెలలో వీథిబడి పంతులొకడు అరుగుమీద పదిమంది పిల్లలను గూర్చుండబెట్టుకొని పెద్ద బాలశిక్షయు లెక్కలును చెప్పుచుండెడివాడు. ఊరివారు ఏడాదికింత ధాన్యమని యిచ్చెడివారు. ఆ పంతులు చదువు ఘనమైనదని నేను చెప్పను. బెత్తమే యధికముగ నుండిన బడు లవి. కాని యవి తలిదండ్రులు తాము కోరి పెట్టుకొనినవి. 1924 ప్రాంతమున ప్రభుత్వము వారు ఖాన్గీ బడులకు నిబంధనలు చేసి, ముందుగ అనుమతి లేనిదే యెవ్వరును బడి నడుపరాదనిరి. నాలుగు వేలకు పైబడి యుండిన ఖాన్గీ బడులు కొలది యేండ్లలోనే వేయి చిల్లరకు దిగిపోయినవి. అరుగుమీది పంతులు దరఖాస్తు వ్రాయుట యెట్లు, దానిని ఎవ్వరికి పంపుట యెట్లు? ఆయన బడి మూసికొని పోయెను. ఆ యూరి తండ్రుల యభిప్రాయమును ఎవ్వరును అడుగలేదు.

నగరమున మాత్ర మడుగువారు పుట్టిరి. 1921 నవంబరు మాసమున హైదరాబాదులోని వివేకవర్ధనీ థియేటరున సంఘసంస్కార సభ జరిగెను. పూనాలో స్త్రీవిద్యకై జీవితము ధారపోసిన మహర్షి ధోండో కేశవ కార్వే గా రధ్యక్షులు. ఆ సభలో ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసములు సాగినవి. అల్లంపల్లి వెంకటరామారావను వకీలు లేచి తెలుగున మాటలాడబోగా, సభలోని పలువురు కేకలువేసి, గేలిచేసి, ఆయనను కూర్చుండ జేసిరి. తెలుగువారి సంఖ్య యెక్కువగ నున్న రాజ్యమున తెలుగుకు జరిగిన పరాభవ మిది. ఆ రాత్రియే కొందరు తెలుగువారు గుమికూడి ఆంధ్ర జనసంఘమును స్థాపించుకొనిరి. పిమ్మట దానికి కార్యదర్శి యైనవారు మాడపాటి హనుమంతరావు గారు. ఆయనయు వకీలే, నెమ్మది గలవాడు, పట్టుదల గలవాడు.

ఆ మాడపాటివారు 1928లో నారాయణగూడలో ఆంధ్ర బాలికా పాఠశాలను నెలకొల్పిరి. తెలుగు మాధ్యమముగ బాలికలకు చదువు చెప్పుట దాని సంకల్పము. ఇక్కడనే మన ప్రశ్నకు గట్టి పరీక్ష కలిగినది. బడి పైతరగతులకు ఎదిగిన కొలది పరీక్ష యెవరు పెట్టుదురు, పట్టా యెవరిత్తురు? ఉస్మానియా విద్యావిధానమున తెలుగున చదివిన పిల్లకు తావు లేదు. నిర్వాహకులు అప్పుడు పూనావైపు చూచిరి. కార్వే గారు 1916లో స్థాపించిన మహిళా విద్యాపీఠము మాతృభాషలలో బోధన నంగీకరించునట్టిది. నారాయణగూడ బడి దానికి అనుబంధ మయ్యెను. ఏ మహనీయు డధ్యక్షత వహించిన సభలో తెలుగు నోరు మూయింపబడెనో, ఆ మహనీయుని విద్యాపీఠమే తెలుగు బిడ్డలకు పట్టా నిచ్చినది. సభలో గేలిచేసినవారి తప్పు కార్వే గారిది కాదు గదా. చరిత్ర యొక్కొక్కప్పుడు ఇట్లు ఋణము తీర్చుకొనును.

ఒక్కమారు ఆనాటి తండ్రి స్థానమున మనల మనము నిలుపుకొని చూతము. ఇంటికి సమీపమున సర్కారు బడి యున్నది. దాని పట్టాకు రాజ్యమంతట విలువ యున్నది. దానిని విడిచి, చందాలతో నడచు ఒక క్రొత్త బడిలో, ఈ రాజ్యమున నుద్యోగము నీయని పట్టాకై, జీతము కట్టి కూతురిని పంపవలెను. ఆడపిల్లకు చదువేల యను చుట్టముల మాటలు వేరు. అయినను పంపిరి. తరగతులు పెరిగినవి, బడి నిలిచినది, ఉన్నత పాఠశాల యైనది. "బాగానే యున్నది" అను నోటిమాటకంటె ఇది వేయిరెట్లు బలమైన సాక్ష్యము.

కాని యిక్కడ మనము దాచరాని సంగతి యొకటి కలదు. కూతురి పట్టాతో ఉద్యోగము రాదనుట ఆ తండ్రిని అంతగ బాధింపలేదు. ఏలయన కూతురు ఉద్యోగము చేయునని యాతడు తలచియే యుండలేదు. కొడుకు మాట వచ్చుసరికి లెక్క మారినది. తహసీలు కచ్చేరిలో గుమాస్తా కావలెనన్నను, వకీలు కావలెనన్నను ఉర్దూ లేనిదే గడవదు. కలిగినవారు నిజాం కళాశాలకు పంపిరి. అది మదరాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై ఇంగ్లీషున చెప్పునది. తక్కినవారు ఉర్దూ బడికి పంపిరి. తెలుగు ఉద్యమమున ముందు నడచినవారి యిండ్లలోను కొడుకుల చదువు ఉర్దూలోనో ఇంగ్లీషులోనో సాగుట వింత కాదు. బాలురకు తెలుగు చెప్పు ఆంధ్ర విద్యాలయము 1940 తరువాతగాని నగరమున వెలయలేదు. అనగా నొకే యింట రెండు తృప్తులు: కూతురు చదివినది తనకు తెలిసినదా యని యొకటి, కొడుకు చదివినది కూడు పెట్టునా యని యొకటి. మాతృభాషకు మొదట చోటిచ్చినది, ఫలాపేక్ష లేని చోటనే. దీనిని నేను ఆ పెద్దలకు దోషముగ నెన్నుట లేదు. పొట్టకూటిని తక్కువగ మాటలాడుట కడుపు నిండినవాని పని.

1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి గా రధ్యక్షులుగ ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. ఆ సభలును తరువాతి సభలును మాటిమాటికి కోరినవి రెండు: ప్రాథమిక విద్య మాతృభాషలో నుండవలెననియు, ఖాన్గీ బడులపై నిర్బంధము తొలగవలెననియు. రాజకీయములు పిమ్మట వచ్చినవి. మొదటి మొర బడిని గూర్చియే.

నారాయణగూడలో బడులు క్రమముగ దట్టమైనవి. 1940లో కేశవరావు కోరట్కరు గారి స్మారకముగ కేశవ స్మారక విద్యాలయ మిచ్చట నెలకొనెను. 1954లో రాజాబహద్దూరు వెంకటరామారెడ్డి గారి పేర మహిళా కళాశాల వచ్చినది. ఇరువదియారేండ్ల క్రిందట ఆడపిల్లకు అక్షరములేల యనిన పేటలోనే కళాశాల! ఇంతలో 1948లో రాజ్యము మారెను. విశ్వవిద్యాలయమున ఉర్దూ స్థానమున ఇంగ్లీషు వచ్చినది. బడులలో తెలుగునకు ద్వారము తెరచుకొన్నది. 1951లో మాడపాటివారు నగరమునకు ప్రథమ మేయరైరి. బాలికల బడికి కాలక్రమమున ఆయన పేరే పెట్టబడెను. ఆయన 1970 వరకు జీవించి యుండెను. కోరిన దెల్ల కండ్లార చూచిన యదృష్టవంతుడని తలచెదము.

కాని యాయన కాలముననే గాలి మరలసాగినది. తెలుగు బడికి అడ్డము తొలగిన తరువాత, తలిదండ్రుల చూపు ఇంగ్లీషు బడిపై నిలిచినది. ఉర్దూ విషయమున ప్రభుత్వము బలవంతము చేసెను; ఇంగ్లీషు విషయమున ఎవ్వరును బలవంతము చేయలేదు, తండ్రులే వరుస కట్టిరి. నాటి కొడుకు లెక్కయే నేడు కూతురికిని వచ్చినది. ఇందులో మంచియు లేకపోలేదు: కూతురును సంపాదించునని తండ్రి నమ్ముచున్నాడు. తెలంగాణ ప్రభుత్వము 2018లో అన్ని బడులలోను తెలుగు నొక పాఠముగ చెప్పి తీరవలెనని చట్టము చేసినది. తెలుగు నేలపై తెలుగు చెప్పుటకు చట్టము కావలసి వచ్చినదని మాడపాటివారు వినినచో నేమనెడివారో! నాలుగేండ్లకు, 2022లో, సర్కారు బడులలోనే ఇంగ్లీషు మాధ్యమము ప్రారంభమైనది. ఖాన్గీ బడికి తరలిపోవు పిల్లలను నిలుపుకొనుట దాని యుద్దేశము. అనగా తలిదండ్రుల చేతలనుబట్టియే ప్రభుత్వమును నడచినది.

అట్లయిన వారు నేడు తృప్తులేనా? నారాయణగూడనుండి చిక్కడపల్లికి, అక్కడనుండి అశోకనగరమునకు నడచి చూడుడు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున ఉద్యోగ పరీక్షలకు చదువు యువకులు ప్రొద్దుననుండి రాత్రివరకు బల్లలు విడువరు. అశోకనగరము వీథులలో గ్రూపు పరీక్షలకు తరిఫీదు ఇచ్చు సంస్థలు, అద్దె గదులు, భోజనశాలలు నిండియున్నవి. 2024 అక్టోబరులో గ్రూపు-1 పరీక్షను వాయిదా వేయవలెనని ఈ వీథులలోనే అభ్యర్థులు ఆందోళన చేసిరి. వీరిలో పలువురు మీ వంటి పల్లెటూరి పెద్దల బిడ్డలు, మనుమలు. బడికి జీతము, కళాశాలకు జీతము కట్టిన తండ్రి, పట్టా చేతికి వచ్చిన తరువాత మరల ఈ గదికి అద్దె పంపుచున్నాడు. బడి యిచ్చినది చాలినచో ఈ మూడవ చెల్లింపేల? తండ్రి నోట "బాగానే చదివించితిని" అని వచ్చును. నెలనెల పంపు సొమ్ము వేరొక మాట చెప్పుచున్నది.

జీతముల మాట యెత్తినచో నగరపు తండ్రులకు నోరు వచ్చును. ఏటేట పెరుగు రుసుములపై వారు సంఘములు కట్టి, కచ్చేరులకెక్కి, ధర్నాలు చేసిరి. 2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు ఖాన్గీ బడులు రుసుము పెంపరాదనియు, బోధన రుసుము మాత్రమే నెలనెల తీసికొనవలెననియు ప్రభుత్వము 46వ సంఖ్య ఉత్తరువు నిచ్చెను. ఈ పోరాటము న్యాయమైనదే. కాని 1928 నాటి తండ్రి యడిగినది "ఏమి చెప్పుచున్నారు, ఏ భాషలో చెప్పుచున్నారు" అని. నేటి తండ్రి యడుగునది "ఎంత తీసికొనుచున్నారు" అని. వెల గూర్చి వాదించువాడు సరకును పరీక్షించుట తరచుగ మరచును.

దీనికి కారణము లేకపోలేదు. నాటి బడి చందాలతో నడచినది. చందా యిచ్చినవాడు, బిడ్డను పంపినవాడు, పంతులమ్మను ఎరిగినవాడు తరచుగ నొక్క పేటవాడే. నేటి పెద్ద ఖాన్గీ బడిలో తండ్రి వాకిటి కావలివానిని దాటి లోనికి పోవుట యరుదు. మాటలాడు హక్కు చట్టముచే నున్నది మాత్రము సర్కారు బడిలో. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రతి సర్కారు బడికిని యాజమాన్య సంఘ ముండవలెను. అందలి సభ్యులలో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులో సంరక్షకులో కావలెను. సభ్యులలో సగము స్త్రీలు కావలెను. బడి పనిని కనిపెట్టుట, అభివృద్ధి ప్రణాళిక వ్రాయుట, ప్రభుత్వ మిచ్చు ధనము ఎట్లు వ్యయమైనదో చూచుట దాని విధులు. సంఘము కూర్చున్నప్పుడెల్ల జరిగిన చర్చను పుస్తకమున వ్రాసి, వచ్చినవారు చేవ్రాలు చేయుదురు. ఆ పుస్తకము మీ యూరి బడిలో ప్రధానోపాధ్యాయుని బీరువాలో నుండును. మనుమలను బడికి పంపు తాతయు, నాయనమ్మయు సంరక్షకులుగ దానిని అడిగి చదువవచ్చును.