పిల్లల బడిలో పుట్టిన సంఘగానము

ఆదివారపు ఆరాధనలో కీర్తన సంఖ్య చెప్పగానే పాడవలసినది ఎవరు? గాయక బృందమా, సంఘమంతయునా? ఈ ప్రశ్న నేడు మన తెలుగు సంఘములలో పుట్టినది కాదు. రెండు వందల సంవత్సరముల క్రితమే ఇంగ్లండు దేశపు సంఘములను ఇది బాధించెను. దీనికి జవాబు వెదకినవారిలో ఇద్దరు పెద్దలను విడిచి ముందుగా చిన్నపిల్లల యొద్దకు వెళ్లిరి. పిల్లలు నేర్చిన పాట వారి వెంట ఇంటికి పోయి, తల్లిదండ్రుల నోట నిలిచి, తిరిగి దేవాలయమునకు వచ్చెను. మేము వేదాంత కళాశాలలో సంఘచరిత్ర చదివిన కాలములో ఈ ఇద్దరి పేర్లు మాకు వినబడలేదు. రాజుల శాసనములకును మహాసభల తీర్మానములకును చరిత్రలో దొరికిన చోటు పిల్లల పాటల తరగతికి దొరకలేదు. కావున ఈ శతవార్షికోత్సవ సంచికలో ఆ కథను సంఘస్థుల ముందు ఉంచుచున్నాము.

ఆ దినములలో అక్కడి అనేక గ్రామ సంఘములలో గుమాస్తా ఒక చరణము చదువగా జనులు దానిని సాగదీసి అప్పగించెడివారు. మరికొన్ని చోట్ల మేడమీద కూర్చున్న కొద్దిమంది వాద్యములతో పాడుచుండగా క్రిందివారు వినుచుండిరి. అయిదు గీతల మీద చుక్కలు పెట్టి వ్రాసెడి పాశ్చాత్య సంగీత లిపి నేర్చుకొనుటకు గురువు కావలెను, వాద్యము కావలెను, తీరిక కావలెను. ఈ మూడును లేని కూలివాని బిడ్డకు సంగీతము మూసిన తలుపే.

ఆ తలుపు తట్టిన మొదటి వ్యక్తి ఒక స్త్రీ. సారా ఆన్నా గ్లోవర్ 1786లో నార్విచ్ పట్టణములో జన్మించెను. తండ్రి సెయింట్ లారెన్స్ దేవాలయ గురువు. ఆమె అక్కడి ఆదివారపు బడి పిల్లలకును, బీద బాలికలకును పాట నేర్పుచు, చుక్కలకు బదులు అక్షరములను వాడుట ప్రారంభించెను. పాట మాటలపైన స్వరముల మొదటి అక్షరములు వ్రాసెను. గోడమీద స్వరములను నిచ్చెనవలె ఒకదానిపై ఒకటి నిలిపి, దానిని చూపుచు పాడించెను. 1835లో తన పద్ధతిని పుస్తకముగా అచ్చు వేయించెను. కీర్తనగానము సంఘమంతటిదిగా కావలెనన్నదే ఆ పుస్తకము పేరులోని ఉద్దేశము. మంచి గాయకులను తయారుచేయుట ఆమె గురి కాదు. అందరి నోళ్లు తెరపించుటయే ఆమె గురి.

రెండవవాడు జాన్ కర్వెన్. 1816లో యార్క్‌షైర్‌లోని హెక్‌మండ్‌వైక్‌లో కాంగ్రిగేషనల్ సంఘ కాపరి కుమారుడుగా పుట్టి, తానును కాపరియయ్యెను. పిల్లలకు బోధించుటలో నేర్పరి గాని, సంగీత లిపి చూచి పాడుట ఆయనకు రాలేదు. అట్టివాని మీద 1841లో హల్ పట్టణమున కూడిన ఆదివారపు బడి ఉపాధ్యాయుల సభ ఒక భారము మోపెను. ఆదివారపు బడులకును సంఘములకును పాట నేర్పుటకు అన్నిటికన్న సులువైన మార్గము వెదకి చెప్పుమని వారు ఆయనను కోరిరి. ఆయన గ్లోవర్ పుస్తకము చదివి, ఇదే ఆ మార్గమని గ్రహించెను.

ఇక్కడ ఒక సంగతి దాచకుండ చెప్పవలెను. కర్వెన్ ఆమె అనుమతి పొందకముందే ఆ పద్ధతిలో మార్పులు చేసి ప్రచారము మొదలుపెట్టెను. ఆ మార్పులన్నియు ఆమెకు నచ్చలేదు. అయినను ఆమె కనిపెట్టినదానిని ఆయన తనదిగా చెప్పుకొనలేదు. మూలము ఆమెదేనని ఒప్పుకొనెను. ఆమె 1867లో మరణించెను. లోకమునకు ఎక్కువగా తెలిసినది మాత్రము కర్వెన్ పేరే.

ఈ స్వరాక్షర పద్ధతికి 'టానిక్ సోల్‌ఫా' అని పేరు. డో, రే, మీ, ఫా, సో, లా, టీ అను ఏడు స్వరములను మొదటి అక్షరములతోనే వ్రాయుదురు. పాత పద్ధతిలో చివరి స్వరము 'సీ'. అది 'సో'తో ఒకే అక్షరమున కలిసిపోవును గనుక దానిని 'టీ'గా మార్చిరి. పాట ఏ శ్రుతిలో ఉన్నను దాని ఆధార స్వరము 'డో'యే. మన వారికి ఇది వెంటనే అర్థమగును. మన గాయకుడు శ్రుతిని ఎక్కడ పెట్టుకొన్నను అదే అతనికి షడ్జమము గదా! అదే కాలములో జాన్ హల్లా అను సంగీతజ్ఞుడు లండనులో గొప్ప తరగతులు నడిపెను గాని, ఆయన పద్ధతిలో 'డో' స్థానము కదలదు. మొదటి పాఠములు సులువుగా ఉండి, శ్రుతి మారగానే అనేకులు తడబడిరి.

తాళమునకు సాధారణ విరామ చిహ్నములే చాలును. అందువలన పాటను ఏ చిన్న అచ్చుకూటములోనైనను చవుకగా ముద్రింపవచ్చును. తర్వాత కర్వెన్ ఫ్రెంచి వారి నుండి 'తా', 'తాతై' వంటి తాళపు సొల్లులను తీసికొనెను. 1870లో చేతి సంకేతములను ప్రకటించెను. 'డో'కు పిడికిలి, 'మీ'కి బల్లపరుపుగా చాచిన చేయి, 'టీ'కి పైకెత్తిన వ్రేలు. పుస్తకము కొనలేని బిడ్డ కూడ గురువు చేతిని చూచి పాడగలడు.

కర్వెన్ బోధనా సూత్రము కాపరులమైన మాకును పాఠమే. ఉపాధ్యాయుడు పిల్లలతో కలిసి పాడరాదు. మెల్లగా ఒక చిన్న ముక్క పాడి ఊరకుండవలెను. పిల్లలు ముందు వినవలెను, తర్వాత తమంతట తాము పాడవలెను. గుంపులో పెదవులు కదిపినంత మాత్రాన పాట వచ్చినట్లు కాదు గనుక, ఒక్కొక్కరిని విడిగా పరీక్షించి యోగ్యతాపత్రములు ఇచ్చెడివారు.

పని పెరిగెను. 1853లో టానిక్ సోల్‌ఫా సంఘము ఏర్పడెను. 1857లో లండను క్రిస్టల్ ప్యాలెస్‌లో వేలకొలది పిల్లలు కలిసి పాడగా పెద్దలు ఆశ్చర్యపడిరి. పిల్లల తరగతుల ప్రక్కనే సాయంకాలములలో పనివారికిని తరగతులు నడిచెను. 1864లో కర్వెన్ కాపరిత్వము విడిచి ఈ పనికే తన్ను అర్పించుకొనెను. 1869లో కళాశాల స్థాపించి, 1880లో కన్నుమూసెను.

ఈ విత్తనము ఎక్కువగా ఫలించిన నేల వేల్స్. అక్కడ గనులలో పనిచేయు కుటుంబములు దేవాలయపు ప్రక్క గదిలో గోడమీద వ్రేలాడు స్వరపటము ముందు పాట నేర్చుకొనిరి. యెవాన్ గ్విల్ట్ అను కలము పేరుగల జాన్ రాబర్ట్స్ అను కాపరి 1859లో ప్రచురించిన రాగముల పుస్తకమునకు 1863లో స్వరాక్షరముల ముద్రణ వచ్చెను. ఊరి సంఘములన్నియు ఒకచోట కూడి నాలుగు స్థాయిలలో పాడు 'గమాన్వా గానీ' అను గానోత్సవములకు అది ఊపిరి పోసెను. పిల్లలకు వేరుగా కూటము పెట్టి, సాయంకాలము పెద్దలతో పాడించుట ఆ ఉత్సవములలో వాడుక. ఆ ప్రాంతపు సామాన్యుల బృందము 1872లోను, 1873లోను క్రిస్టల్ ప్యాలెస్‌లో బహుమానము గెలిచెను.

మిషనెరీల వెంట ఈ పద్ధతి మడగాస్కర్‌కు, పసిఫిక్ ద్వీపములకు, ఆఫ్రికాకు వెళ్లెను. దక్షిణాఫ్రికాలో మిషను పాఠశాల ఉపాధ్యాయుడైన ఈనాక్ సొంటోంగా 1897లో తన ప్రార్థనాగీతమును కూర్చినది ఈ అక్షరములతోనే. తర్వాత ఆ గీతము ఆ దేశపు విమోచన పోరాటములో మారుమ్రోగి, నేడు జాతీయగీతములో భాగమైయున్నది.

నష్టమును కూడ లెక్కింపవలెను. మొదట స్వరాక్షరములను గీతల లిపికి వంతెనగా భావించిన కర్వెన్, 1872 నాటికి తన పాఠ్యపుస్తకములో గీతల లిపిని విడిచిపెట్టెను. అందువలన అనేకులు వంతెనమీదనే నిలిచిపోయి, వాద్యకారుల గ్రంథములు చదువలేకపోయిరి. ఇంతకన్న పెద్ద నష్టము మరియొకటి. ఆఫ్రికాలోని అనేక భాషలలో పలుకు ఎత్తుపల్లములను బట్టి మాట అర్థమే మారును. వాటిమీద పరదేశపు రాగములు మోపినప్పుడు మాట ఒకటి, రాగము మరొకటి పలికెను. పద్ధతి మంచిదే గాని, పాట ఆ జనులది కాదు.

ఈ లోపమును గుర్తించి సరిచేసినది హంగరీ దేశము. జోల్తాన్ కోదాయ్ (1882–1967) కర్వెన్ చేతి సంకేతములను, కదలెడి 'డో'ను స్వీకరించెను గాని, పాటలు మాత్రము తమ పల్లెలలో సేకరించిన జానపద గీతములే కావలెనని పట్టుబట్టెను. 1950లో కెచ్‌కెమేట్ పట్టణములో ప్రతిదినము పాట నేర్పు ప్రాథమిక పాఠశాల వెలసెను. బిడ్డ సంగీత శిక్షణ తల్లి గర్భములోనే మొదలగునని ఆయన చెప్పెడివాడు. జపానులో షినిచీ సుజుకీ (1898–1998) వయొలిన్ నేర్పుటకు ముందుగా తల్లి చేతికే వాద్యము ఇచ్చెను. తల్లి వాయించుట చూచి బిడ్డ తనకును కావలెనని చేయి చాచును. ఇల్లు పాడనిదే బిడ్డ పాడదని ఇద్దరును ఎరిగిరి.

మన సంగతి ఏమి? మనకు స్వరాక్షరములు పరదేశమునుండి రానక్కరలేదు. సరళీ స్వరములు మన నేలలోనే ఉన్నవి. పురుషోత్తమ చౌదరి (1803–1890) గారు తెలుగు రాగములలో క్రైస్తవ కీర్తనలు రచించి, హంగరీ పండితుని కన్న ఎంతో ముందే పరదేశపు రాగమునకు బదులు మన రాగమును మన నోట పెట్టిరి. అక్షరము రాని తల్లులు ఆ కీర్తనలను విని నేర్చి, వంట చేయుచు పాడగా పిల్లలు నేర్చుకొనిరి. ఆ తల్లియే మన మొదటి సంగీత పాఠశాల.

నేడు మైకులు, కీబోర్డులు, తెరమీద వెలుగు అక్షరములు వచ్చినవి. వాటిని మేము నిందింపము. అయితే వేదికమీద శబ్దము పెరిగిన కొలది క్రింద కూర్చున్నవారి గొంతు తగ్గుచున్నదా లేదా అని ప్రతి సంఘము తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఇది సంగీతమునకు మాత్రమే సంబంధించిన మాట కాదు. ఆరాధనలో సామాన్యునికి పాలు ఉన్నదా లేదా అను మాట. వారమునకు ఒక సాయంకాలము, ఒక గది, ఒక శ్రుతి పెట్టె, పాడగల ఒక పెద్దమ్మ, తల్లుల ఒడిలో కూర్చున్న పది మంది పిల్లలు ఉన్న చాలును. గ్లోవర్ అమ్మగారు ఇంతకన్న ఎక్కువతో ప్రారంభింపలేదు. మొదటి నూరేండ్లు మన పెద్దలు పాడి అప్పగించిరి. రెండవ నూరేండ్ల పాటను ఎవరు పాడుదురో మన ఆదివారపు బడులలోనే తేలవలెను.