పశుపక్ష్యాదులకు నిత్యజీవం: ఉత్తరాంధ్ర క్రైస్తవంలో ఒక ప్రశ్న

చనిపోయిన జంతువులకు దేవుని సన్నిధిలో చోటుందా, రాబోయే లోకంలో అవి తిరిగి బతుకుతాయా అన్న విషయంలో క్రైస్తవ సంఘాలకు ఏకాభిప్రాయం లేదు. మనిషి మరణం, పునరుత్థానం, తీర్పు గురించి విశ్వాస ప్రమాణాలు స్పష్టంగా చెబుతాయి. పశువుల ఊసు వాటిలో లేదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో (2022లో వీటి నుంచి విడిపోయిన పార్వతీపురం మన్యం జిల్లాతో కలిపి) ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన చరిత్ర ఉంది. 19వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన క్యాథలిక్, బాప్టిస్టు, లూథరన్ సంప్రదాయాలు దీనికి తలో జవాబు మోసుకొచ్చాయి. అవి అడుగుపెట్టిన నేల మీద అప్పటికే తాబేలు దేవుడై పూజలందుకుంటోంది, ఏనుగు మోక్షం పొందిన కథ ఇంటింటా తెలుసు, కొండల మీద దున్నపోతు చనిపోయినవారి వెంట కింది లోకానికి పోతోంది.

బైబిలు వచనాలు

జంతువులకు పరలోకం లేదనేవారు ముందుగా చూపే ఆధారాలు 49వ కీర్తన, పేతురు రెండో పత్రిక. రెండూ పశువులను నశించిపోయేవిగా పేర్కొంటాయి. ప్రసంగి గ్రంథం మూడో అధ్యాయాన్ని కూడా ఈ పక్షానికే వాడతారు కానీ, అది నిజానికి ఎవరి పక్షమూ వహించదు. మనిషికీ పశువుకూ ఊపిరి ఒకటేననీ, రెండూ మట్టిలోనే కలుస్తాయనీ చెప్పి, మనిషి ప్రాణం పైకీ పశువు ప్రాణం కిందికీ పోతాయో లేదో ఎవరికి తెలుసునని అడిగి ఊరుకుంటుంది.

రైతు కుటుంబాల విశ్వాసులను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పౌలు మాట. కళ్లంలో కంకులు తొక్కే ఎద్దు మూతికి చిక్కం వేయకూడదని ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయం శాసిస్తుంది. యంత్రాలు రాకముందు నూర్పిడి చూసినవాళ్లకు దీని అర్థం విప్పి చెప్పక్కర్లేదు. గుంజ చుట్టూ తిరిగే ఎడ్లు మధ్యమధ్యలో వంగి నోటికందినంత గడ్డీ గింజా లాక్కుంటాయి. పిసినారి రైతు తాడుతో అల్లిన చిక్కం కడతాడు, ధర్మాత్ముడు వదిలేస్తాడు. మోషే ధర్మశాస్త్రం రెండో రైతు పక్షాన నిలిచింది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఈ శాసనాన్నే ఎత్తుకుని, దేవుడు ఎడ్ల కోసమే ఆలోచిస్తున్నాడా అని ప్రశ్నించి, సువార్త సేవకుల జీతభత్యాలకు దాన్ని అన్వయించాడు. అంతమాత్రాన ఎద్దు మీద దేవునికి దయ లేదని పౌలు అన్నట్టు కాదు. ఎద్దుకే ఇంత న్యాయం ఉంటే పనివాడికి ఇంకెంత ఉండాలన్నది ఆయన వాదన. పూర్వార్థాన్ని కొట్టేస్తే ఉత్తరార్థం నిలబడదు.

అవతలి పక్షానికి ఉన్న వచనాలు తక్కువేమీ కాదు. జలప్రళయం తర్వాత దేవుడు చేసిన నిబంధన నోవహు కుటుంబంతోనే కాక ఓడలోంచి బయటికొచ్చిన ప్రతి ప్రాణితోనూ చేసినది. విశ్రాంతి దినం పశువులకూ వర్తిస్తుంది. నీనెవె పట్టణాన్ని ఎందుకు కనికరించాలో యోనాకు చెప్పేటప్పుడు దేవుడు అక్కడి పశువులనూ లెక్కలోకి తీసుకున్నాడు. యెషయా 11, 65 అధ్యాయాల్లో తోడేలూ గొర్రెపిల్లా ఒక్కచోట మసలుతాయి, సింహం గడ్డి మేస్తుంది. ప్రకటన గ్రంథం అయిదో అధ్యాయంలో ఆకాశంలో, భూమి మీద, సముద్రంలో ఉన్న సమస్త సృష్టీ గొర్రెపిల్లను స్తుతిస్తుంది. అన్నిటికన్నా బలమైనది రోమీయులకు రాసిన పత్రిక ఎనిమిదో అధ్యాయం. సృష్టి అంతా ప్రసవవేదన పడుతోందనీ, నాశనానికి బానిసైన స్థితి నుంచి అది విడుదల పొందుతుందనీ పౌలు అక్కడ రాశాడు. కొరింథీయుల పత్రికలో ఎద్దును దాటిపోయినట్టు కనిపించిన పౌలే ఇక్కడ సమస్త సృష్టినీ నిరీక్షణలో కలిపాడు.

చర్చ సాధారణంగా పశువుకు ఆత్మ ఉందా లేదా అన్నచోట ఇరుక్కుంటుంది. క్రైస్తవ నిరీక్షణకు పునాది అది కాదు. మనిషి తిరిగి బతుకుతాడని సంఘం నమ్మేది అతని ఆత్మకు సహజంగా చావు లేదని కాదు, దేవుడు మృతులను లేపుతాడని. నైసియా విశ్వాస ప్రమాణం ఎదురుచూసేది మృతుల పునరుత్థానం కోసం, రాబోయే లోకపు జీవం కోసం. కాబట్టి అడగాల్సింది ఎద్దులో ఏముందని కాదు, తాను చేసిన సృష్టిని దేవుడు ఏం చేయబోతున్నాడని. ప్రశ్నను ఇలా మారిస్తే పైన చెప్పిన వచనాల్లో చాలా వరకు ఒక దారికొస్తాయి.

మిషన్లు తెచ్చిన జవాబులు

ఈ తీరానికి ప్రొటెస్టెంటు బోధ మొదట లండన్ మిషనరీ సొసైటీ ద్వారా వచ్చింది. జార్జ్ క్రాన్, అగస్టస్ డె గ్రాంజ్ 1805లో విశాఖపట్నం చేరారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో డె గ్రాంజ్ సువార్తలను తెలుగు చేశాడు. ఆయన మరణానంతరం అవి 1812లో శ్రీరామపురంలో అచ్చయ్యాయి. ఆ సొసైటీ పని తర్వాత విజయనగరం, శ్రీకాకుళం వరకూ విస్తరించింది. 1875 నుంచి కెనడా తూర్పుతీర రాష్ట్రాల బాప్టిస్టులు భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి కేంద్రాలుగా పనిచేశారు. సీబీసీఎన్‌సీగా పిలిచే బాప్టిస్టు సంఘాలు ఆ పని ఫలితమే.

ఈ రెండు మిషన్ల వేదాంతంలోనూ జాన్ కాల్విన్ ప్రభావం ఉంది. రోమా పత్రిక మీద రాసిన వ్యాఖ్యానంలో కాల్విన్, సృష్టి తన స్థాయికి తగినట్టుగా పునరుద్ధరణ పొందుతుందని ఒప్పుకున్నాడు. ఆ మీదట జంతువులన్నీ అమరత్వం పొందుతాయా అని తవ్వుకుంటూ పోవద్దని హెచ్చరించాడు. హెచ్చరిక నిలిచినంతగా ఒప్పుకోలు నిలవలేదు. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌధరి (1803–1890) తెలుగు క్రైస్తవ కీర్తనకారుల్లో అగ్రగణ్యుడు, శ్రీకాకుళం సీమలో సువార్త ప్రకటించినవాడు. ఆయన కీర్తనల్లో పాపం, సిలువ, రక్షణ, క్రీస్తు కృపే కేంద్రం. ఆ తరం తెలుగు క్రైస్తవ భక్తి ప్రధానంగా మనిషి పాపవిమోచన చుట్టూ అల్లుకున్నది.

లూథరన్లు సాలూరు దారిన వచ్చారు. జర్మనీలోని బ్రెక్లుం మిషన్ వారు 1882లో అక్కడ పని మొదలుపెట్టి కోరాపుట్ వైపు సాగారు. నేటి జయపురం ఇవాంజెలికల్ లూథరన్ సంఘానికి మూలం అదే. మార్టిన్ లూథర్ ఈ విషయంలో కాల్విన్ కన్నా ఉదారుడు. కొత్త లోకంలో కుక్కలూ ఇతర జంతువులూ ఉంటాయని ఆయన అన్నట్టు శిష్యులు రాసుకున్న భోజనవేళ సంభాషణల్లో ఉంది.

క్యాథలిక్కుల విషయానికొస్తే, ఫ్రాన్సిస్ దె సాల్స్ సభ గురువులు 1846లో విశాఖపట్నం వచ్చారు. శ్రీకాకుళం మేత్రాసనం 1993లో ఏర్పడింది. తమ సభకు పేరిచ్చిన పునీతుడు భక్తి పాఠాలను తేనెటీగలూ పక్షుల ఉదాహరణలతో నింపినవాడే అయినా, సిద్ధాంతంలో వారు చదువుకున్నది 13వ శతాబ్దపు థామస్ అక్వినాస్‌ను. పశువు ప్రాణం శరీరంతో కలిసిపోయి ఉంటుంది, శరీరం పోతే అదీ పోతుందన్నది అక్వినాస్ మతం. ఆయన మరణానంతరం ఆయన రచనల నుంచి కూర్చిన అనుబంధం, నవీకరించిన లోకంలో జంతువులూ మొక్కలూ ఉండవని తేల్చేసింది. రెండో శతాబ్దపు ఇరేనియస్ మాత్రం యెషయా చెప్పిన మృగాల శాంతిని భూమి మీద జరగబోయేదిగా నమ్మాడు. ఆయన గొంతు పశ్చిమ దేశాల్లో చాలాకాలం మరుగున పడింది.

శ్రీకూర్మం పొరుగున

ఐరోపా గ్రంథాల్లో ఈ చర్చ మనిషికి బుద్ధి ఉంది, పశువుకు లేదు అన్న తేడా మీద నడిచింది. తెలుగు విశ్వాసి చుట్టూ ఉన్న లోకం వేరు. శ్రీకాకుళం పట్టణానికి దగ్గర్లోని శ్రీకూర్మంలో విష్ణువు కూర్మావతారంలో కొలువయ్యాడు. ఆలయ ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్లను పెంచుతారు, పితృకార్యాలకూ ఆ క్షేత్రానికి పేరుంది. పోతన భాగవతంలో మొసలి నోట చిక్కిన గజేంద్రుడు మోక్షం పొందుతాడు. శ్రీకాళహస్తి పేరులోనే సాలీడు, పాము, ఏనుగు ఉన్నాయి.

అయితే ఈ కథల వెనుక జన్మపరంపర ఉంది. గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు. పునర్జన్మను క్రైస్తవ బోధ అంగీకరించదు. పశువుకు చావులేని ఆత్మ ఉందని ఇక్కడి బోధకుడు ఒప్పుకుంటే, విన్నవారు దాన్ని జన్మల చక్రంగా అర్థం చేసుకోవడానికి ఎంతో దూరం లేదు. ఈ గడ్డ మీద బోధకులు పశువుల సంగతిలో ఆచితూచి మాట్లాడటానికి కాల్విన్ హెచ్చరిక కన్నా ఈ భయమే పెద్ద కారణమనిపిస్తుంది. క్రీస్తు తెచ్చిన నిరీక్షణ పునర్జన్మ కాదు, పునరుత్థానం. ఆ తేడాను పశువుల పరంగా కూడా చెప్పవచ్చునన్న ఆలోచన ఆలస్యంగా వచ్చింది.

సవర దున్నపోతు

ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి దిగి ఇళ్లలోకి వచ్చింది సవరల మధ్య. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, పాతపట్నం కొండల నుంచి ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల దాకా సవరలు నివసిస్తారు. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ వారి భాష నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. వారి మత జీవితాన్ని వెరియర్ ఎల్విన్ 1955లో ప్రచురించిన గ్రంథం వివరంగా నమోదు చేసింది. పియర్స్ వితెబ్‌స్కీ 1970ల నుంచి వారి మధ్య ఉండి చనిపోయినవారితో సవరలు జరిపే సంభాషణల మీద రాశాడు.

పాత సవర నమ్మకంలో చనిపోయినవారు కింది లోకంలో ఇక్కడి మాదిరే కాపురాలు చేస్తారు, పొలాలు దున్నుతారు. అందుకు దున్నలు కావాలి. పూజారిణి నోట పలికి వాటిని అడుగుతారు. బతికున్నవారు దున్నపోతును బలిస్తే దాని ప్రాణం చనిపోయినవారికి చేరి వారి అరకకు కట్టుబడుతుంది. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యపు పిండితో గీసే ఇడితాల్ బొమ్మల్లో ఆ లోకం కనిపిస్తుంది. గుర్రమెక్కినవారు, ఏనుగెక్కినవారు, కొమ్మల మీద కోతులు, నెమళ్లు, జింకలు. జంతువు లేని పరలోకాన్ని సవర చిత్రకారుడు ఊహించలేదు.

బాప్టిస్టు సంఘాల్లో చేరిన సవర కుటుంబాలు చనిపోయినవారితో మాట్లాడటం మానేశాయి, దున్నపోతులను బలివ్వడమూ మానేశాయి. కుటుంబాలను అప్పుల్లోకి తోసే ఖర్చు తప్పింది. పశువు ప్రాణాలతో బయటపడింది. దాంతోపాటే చనిపోయినవారి లోకంలో దానికున్న చోటు కూడా పోయింది. క్రీస్తు దగ్గరికి వెళ్లిన తాత ఇప్పుడు పొలం దున్నడు కాబట్టి ఆయనకు దున్నలు అక్కర్లేదు. మత మార్పిడి వల్ల పశువుకు కలిగిన ఈ లాభనష్టాలు రెండింటినీ కలిపి చూడాలి. పాత నమ్మకం దానికి పరలోకం ఇచ్చింది, అయితే మనిషి సేవకుడిగా, ఇక్కడి ప్రాణం తీసి. కొత్త నమ్మకం ఇక్కడి ప్రాణం నిలిపింది, తర్వాతి సంగతి మాట్లాడలేదు.

బలి, ప్రసాదం

మైదాన గ్రామాల్లోనూ క్రైస్తవుడికి పశువు పరలోక సంబంధంగా ఎదురయ్యేది బలి రూపంలోనే. గ్రామదేవతల పండగల్లో మొక్కుబడి మేకపోతులు, కోళ్లు తెగుతాయి. క్రీస్తు ఒక్కసారే తన్ను అర్పించుకున్నాడు, ఇక పశువుల రక్తంతో పనిలేదని హెబ్రీయులకు రాసిన పత్రిక బోధిస్తుంది. ఈ వాదాన్ని ప్రసంగాల్లో మనిషి పాపక్షమాపణకే అన్వయిస్తారు. ఆ సిలువ వల్ల మేకపోతు కూడా బతికిపోయిందన్నది దానిలోనే ఉన్న మరో శుభవార్త. పొరుగింటివారు పంపిన మొక్కుబడి మాంసం తినవచ్చా లేదా అన్నది మాత్రం క్రైస్తవ ఇళ్లలో నేటికీ నలిగే సందేహం. విగ్రహార్పితాల గురించి పౌలు కొరింథీయులకు రాసిన అధ్యాయాలను అందుకే ఇక్కడ శ్రద్ధగా చదువుతారు.

ఇటీవలి బోధ

పెంతెకొస్తు, బ్రదరెన్ సంఘాల్లో యెషయా దర్శనాన్ని అక్షరాలా తీసుకునేవారు చాలామంది. క్రీస్తు భూమి మీద వెయ్యేళ్లు ఏలేటప్పుడు తోడేలూ గొర్రెపిల్లా కలిసి బతకడం నిజంగానే జరుగుతుందని వారి నమ్మకం. ఆ జంతువులు కొత్తగా పుట్టినవే తప్ప, చనిపోయి లేచినవని వారు సాధారణంగా చెప్పరు.

క్యాథలిక్ బోధలో మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. జంతువులు దేవుని సృష్టి, వాటిని అనవసరంగా హింసించడం మనిషి గౌరవానికి విరుద్ధమని 1992 నాటి సత్యోపదేశం చెప్పింది. పోప్ ఫ్రాన్సిస్ 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖ 243వ పేరాలో, నిత్యజీవంలో ప్రతి ప్రాణీ రూపాంతరం పొంది తన చోట తానుంటుందని రాశారు. అంతకు ముందు ఏడాది, జంతువులకు స్వర్గం ఉందని ఆయన ఒక పిల్లవాడికి చెప్పినట్టు ప్రపంచమంతా వచ్చిన వార్త నిజం కాదు. 2015 లేఖలోని మాట మాత్రం ఆయనదే.

పునరుద్ధరణ పొందేది జాతా, లేక మనం పేరుపెట్టి పిలిచిన ఆ ఒక్క జంతువా అన్న దగ్గర వేదాంతులు మళ్లీ విడిపోతారు. మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ 1781 నాటి ప్రసంగంలో, ఈ లోకంలో బాధలు పడిన మూగజీవాలకు దేవుడు అక్కడ పరిహారం ఇస్తాడన్నాడు. బాధపడినది ఒక్కొక్క జంతువు కాబట్టి పరిహారమూ దానికే అందాలి. సీ.ఎస్. లూయిస్ 1940లో మరో దారి పట్టాడు. పెంపుడు జంతువు తన యజమానితో కలిసి, అతని ద్వారా నిత్యజీవంలో పాలు పొందవచ్చునని ఊహించాడు. ఇలాగైతే చిక్కం లేకుండా మేసిన ఎద్దుకు దారి ఉంటుంది, అడవిలో పుట్టి అడవిలోనే చచ్చిన జింకకు ఉండదు. ఎవరి ఇంటా పెరగని జీవాన్ని కూడా ఓడలోకి ఎక్కించిన దేవుని విషయంలో వెస్లీ మాటే సరిగ్గా అతుకుతుంది.