బట్టలు విప్పి చూడని బిడ్డ

జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో బాలింత ఇంటికి వెళ్లిన ఆశ కార్యకర్త బిడ్డ బట్టలు విప్పి, ఉయ్యాల త్రాసులో వేసి తూస్తుంది. ఒళ్లంతా అప్పుడే కనబడుతుంది. లండన్‌లో ఒక పెద్ద డాక్టరు ఆ పాటి చూపు చూడకుండానే బిడ్డను ఇంటికి పంపేసింది.

పత్రికలు బేబీ పి అని రాసిన పీటర్ కానెలీ 2006 మార్చి 1న పుట్టాడు. ఆ డిసెంబరులో తలమీదా ఛాతీమీదా కమిలిన మచ్చలు చూసి కుటుంబ వైద్యుడే ఆసుపత్రికి పంపాడు. తల్లిని అరెస్టు చేశారు, బిడ్డను వేరే ఇంట ఉంచారు. అంతవరకూ జరగవలసిందే జరిగింది. జనవరి నెలాఖరుకు బిడ్డ మళ్లీ తల్లి ఇంటికే చేరాడు.

నడక రాని పసివాడికి దెబ్బ తగిలే దారులు తక్కువ. చెవి, మెడ, పొట్ట కమిలినా, పైపెదవిని చిగురుకు కలిపే పొర చిట్లినా, ఎముక విరిగినా, ‘మంచం మీంచి పడ్డాడు’ అన్న మాటకూ ఆ గాయానికీ పొంతన ఉందా అని చూడాలి. మన పిల్లల నడుం కింద పుట్టుకతో ఉండే నీలిమచ్చ వేరు. జబ్బు పోతుందని పెట్టించే వాత వేరు, అయితే అదీ గాయమే, ఎవరు కాదన్నా సరే.

మనం బుగ్గన దిష్టిచుక్క పెడతాం. అక్కడ మాత్రం 2007 జూలై 30న ఇంటికొచ్చిన సామాజిక కార్యకర్తకు దెబ్బలు కనబడకుండా పీటర్ ముఖానికి చాక్లెట్ పూశారు. ఆగస్టు 1న సెయింట్ ఆన్స్ ఆసుపత్రిలో డాక్టర్ సబా అల్-జయ్యాత్, బిడ్డ చిరాకుగా ఉన్నాడని పూర్తి పరీక్ష చేయలేదు. 3న పీటర్ తొట్టిలోనే చనిపోయాడు. శవపరీక్షలో ఎనిమిది పక్కటెముకలూ వెన్నూ విరిగి ఉన్నాయి. మింగిన పన్ను ఒకటి కడుపులో దొరికింది.

ఆ ఆసుపత్రి పిల్లల క్లినిక్‌లో సిబ్బంది చాలరని, ప్రమాదమని కిమ్ హోల్ట్‌తో కలిసి నలుగురు వైద్యులు 2006లోనే రాశారు. ఎవరూ వినిపించుకోలేదు. తర్వాత కూలడం మాత్రం వరసగా కూలారు. లండన్‌లోని హారింగే పిల్లల సేవల అధిపతి షారన్ షూస్మిత్‌ను 2008లో తీసేశారు. అలా తీసేయడం చట్టవిరుద్ధమని 2011లో అప్పీలు కోర్టు తేల్చింది. అదే ఏడు డాక్టర్ అల్-జయ్యాత్ పేరు వైద్య రిజిస్టరులోంచి పోయింది.

ఇక్కడ ఆశ కార్యకర్త ఇళ్లకు వెళ్లి పసిపిల్లల్ని చూసే పథకంలో చివరి సందర్శన పదిహేనో నెలలో. పీటర్ పోయింది పదిహేడు నెలలు నిండాక.