నిద్రను కొలిచారు, గదిని మరిచారు

డిమెన్షియా ఉన్నవారి నిద్రాభంగాన్ని గమనించే పద్ధతులు ఎలా ఎదిగాయో చెప్పే కథనాలు చాలావరకు పరికరాల వంశవృక్షంలా సాగుతాయి. 1924లో జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ మనిషి మెదడులోని విద్యుత్తును నమోదు చేశాడు (అదే ఈఈజీ). 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ రెమ్ నిద్రను లోకానికి చెప్పారు. తర్వాత ముంజేతికి కట్టి కదలికలను నమోదు చేసే యాక్టిగ్రాఫ్, ఇప్పుడు పరుపు కింద పరిచే సెన్సర్ మ్యాట్ వచ్చాయి. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఈ వరుసలో రోగి పడుకున్న గది ఎక్కడా కనిపించదు.

గదిని పట్టించుకున్నవాళ్లు లేకపోలేదు. పొద్దుగూకాక వృద్ధుల్లో పెరిగే కలవరానికి అలసటే కారణమని నమ్ముతున్న రోజుల్లో, 1941లో ఈవెన్ కామెరాన్ అలాంటి రోగులను పట్టపగలే చీకటి గదిలో ఉంచి చూశాడు. గంట తిరక్కుండానే కలవరం మొదలైంది. అంటే కారణం అలసట కాదు, చీకటి. పరీక్షించింది కొద్దిమందినే కాబట్టి దీన్ని తుది తీర్పుగా తీసుకోలేం. పైగా తర్వాతి కాలంలో మాంట్రియల్‌లో రోగులపై చేసిన ప్రయోగాలతో కామెరాన్ పేరే మచ్చపడింది. ఈ పరిశీలన మరుగున పడడానికి అదీ ఒక కారణమేమో.

తలకు తీగలు అతికించే ఈఈజీ ఈ రోగుల దగ్గర అంతగా సాగలేదు. తానెక్కడున్నదీ తెలియని మనిషి ఆ తీగలను పీకేయడంలో వింతేముంది? అందుకే యాక్టిగ్రాఫ్ పెద్ద ఊరట అయింది. దాంతో శాన్ డియేగోలో సోనియా అంకోలి-ఇజ్రాయెల్ బృందం సంరక్షణ గృహాల్లోని వృద్ధులను గమనించింది. వాళ్ల నిద్ర తునకలు తునకలుగా ఉంది. రోజు మొత్తంలో పూర్తిగా నిద్రపోయిన గంట గానీ, పూర్తిగా మెలకువగా ఉన్న గంట గానీ దొరకడం కష్టమైంది. దీనికి వివరణ అప్పటికే సిద్ధంగా ఉంది. మెదడులో రాత్రింబవళ్ల లయను నడిపే కణాల గుంపు ముసలితనంలోనూ, అల్జీమర్స్‌లోనూ క్షీణిస్తుందని 1985లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డిక్ స్వాబ్ బృందం చూపింది. లోపలి గడియారం చెడింది కాబట్టి నిద్ర చెడింది అనే మాట అలా పాఠ్యపుస్తకాలకెక్కింది.

నా అభ్యంతరం ఇక్కడే. 1990లలో కాలిఫోర్నియాలో జాన్ ష్నెల్ బృందం రోగి కదలికలతో పాటు మంచం పక్కన వినిపించే శబ్దాన్ని, పడే వెలుతురునూ నమోదు చేసింది. పక్క తడిసిందేమో చూడడానికి వచ్చే సిబ్బంది, వేసే లైట్లు, వరండాలో మాటలు: మెలకువల్లో గణనీయమైన వాటా వీటిదే. నిద్ర లేపింది జబ్బు మాత్రమే కాదు, డ్యూటీ పట్టిక కూడా.

అలాగని ఈ వాదాన్ని మరీ సాగదీయలేం. లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో కాథీ అలెస్సీ బృందం నాలుగు గృహాల్లోని 118 మందిలో కొందరికి పగటి వెలుగు, వ్యాయామం, రాత్రి నిశ్శబ్దం కలిపి అందించింది. 2005లో వచ్చిన ఫలితాల్లో పగటి కునుకులు బాగా తగ్గాయి, రాత్రి నిద్ర మాత్రం కొద్దిగానే మెరుగైంది. 2008లో నెదర్లాండ్స్ పరిశోధకులు 189 మందితో చేసిన అధ్యయనంలోనూ పగలు హాల్లో వెలుతురు పెంచితే బుద్ధి క్షీణత స్వల్పంగానే నెమ్మదించింది. అక్కడ మెలటోనిన్ నిద్రను కాస్త పెంచినా, వెలుతురు తోడు లేకుండా ఇచ్చినప్పుడు రోగుల మనఃస్థితిని కుంగదీసింది. గడియారం చెడడం నిజమే. కానీ నేరమంతా దానిదే అన్న తీర్పుకు ఈ సాక్ష్యం చాలదు.

ఇప్పటి మ్యాట్‌లు ఒంటిని తాకకుండానే గుండె వేగం, శ్వాస, మంచం దిగిన వేళ పసిగడతాయి. వృద్ధురాలిని తీగలతో హింసించని పరికరాన్ని నేను స్వాగతిస్తాను. అయితే కదలకుండా పడుకుని కళ్లు తెరిచి ఉన్నవారిని నిద్రపోతున్నట్టు లెక్కించడం వీటికి పాత జబ్బు. అంతకన్నా పెద్ద లోటు మరొకటి ఉంది. ఆమె ఎన్నిసార్లు లేచిందో నివేదికలో ఉంటుంది, లైటు ఎవరు వేశారో ఉండదు. మన దగ్గర ఇది మరీ చిక్కు. ఇక్కడ ఈ రోగులు చాలావరకు ఇంట్లోనే, కోడలో భర్తో పక్కన పడుకుని చూసుకుంటుండగా గడుపుతారు. టీవీ మోత, ట్యూబులైటు, మధ్యాహ్నమంతా మూసి ఉన్న కిటికీ ఏ గ్రాఫులోనూ కనిపించవు.

లేచిన లెక్క మాత్రమే ముందున్న వైద్యుడు మందు చీటీ వైపు మొగ్గుతాడు. మందులూ నిరపాయం కావు: డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో కొత్తతరం యాంటీసైకోటిక్ మందులు మరణాల ముప్పు పెంచుతాయని 2005లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. మ్యాట్ పక్కన వెలుతురును, శబ్దాన్ని కొలిచే చిన్న మీటర్లు పెట్టడం ఖరీదైన పనేమీ కాదు. ముప్ఫయ్యేళ్ల కింద ష్నెల్ మనుషులు చేసి చూపినదే అది. మ్యాట్‌లను అమ్మకానికి పెట్టేవాళ్లకు అది అవసరమనిపించలేదు, అంతే.