పాఠ్య అమరిక (డీటీపీ)

పేజీలో అక్షరాలు, పంక్తులు, పేరాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో, వాటి మధ్య ఎంత ఖాళీ ఉండాలో నిర్ణయించే పనిని పాఠ్య అమరిక అంటారు. 1985లో ఆల్డస్ సంస్థ మెకింటాష్ కోసం తెచ్చిన పేజీ అమరిక సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌తో ఇది వ్యక్తిగత కంప్యూటర్‌పై సులువైంది. 1994లో ఆల్డస్‌ను సొంతం చేసుకున్న అడోబీ 1999లో అదే కోవకు చెందిన ఇన్‌డిజైన్‌ను విడుదల చేసింది.

రకాలు: పంక్తులను ఎడమకు, కుడికి, మధ్యకు అమర్చవచ్చు, రెండు అంచులూ సమంగా ఉండేలా జస్టిఫై చేయవచ్చు. జస్టిఫై చేసినప్పుడు సాఫ్ట్‌వేర్ పదాల మధ్య ఖాళీని పెంచుతుంది, తగ్గిస్తుంది. సంధులు, విభక్తులు కలిసి పొడవైన తెలుగు మాటలు ఇరుకు కాలమ్‌లో పడితే పంక్తి నడుమ వికారమైన ఖాళీలు ఏర్పడతాయి. అలాంటి చోట ఎడమ అమరికే చదవడానికి హాయి.

లీడింగ్: వరుస పంక్తుల ఆధారరేఖల మధ్య దూరం. ఇన్‌డిజైన్‌లో ఆటో లీడింగ్ సాధారణంగా అక్షర పరిమాణంలో 120 శాతం. అంటే 12 పాయింట్ల అక్షరానికి 14.4 పాయింట్లు. తెలుగుకు ఇది తరచూ చాలదు. ‘స్త్రీ’ అనే మాటలో గుడిదీర్ఘం పైకి లేస్తుంది, రెండు వత్తులు కిందికి దిగుతాయి. లీడింగ్ తక్కువైతే ఆ వత్తులు కింది పంక్తి గుడులను తాకుతాయి.

కంపోజర్: అక్షరాలను పంక్తులుగా కూర్చే సాఫ్ట్‌వేర్ భాగం. యూనికోడ్ తెలుగుకు ఇన్‌డిజైన్‌లో ‘వరల్డ్ రెడీ’ కంపోజర్‌ను ఎంచుకోవాలి. లేకుంటే గుణింతాలు, వత్తులు చెదిరి మాట రూపమే మారిపోతుంది. ప్రతి పేజీకీ ఈ ఎంపికలను తిరిగి చేయనక్కరలేకుండా పేరాగ్రాఫ్ స్టైల్‌లో భద్రపరచడం మేలు.